ఇనుపకాలి సిండ్రెల్లా

సిండ్రెల్లా కథ తెలియని పిల్లలుండరు. గాజు చెప్పు, గుమ్మడికాయ బండి, అర్ధరాత్రి పన్నెండు గంటలు... అన్నీ కంఠతా వచ్చేసినవే. ఆ కథనే ఓ అమెరికా రచయిత్రి భవిష్యత్తులోకి తీసుకెళ్లారు. సిండ్రెల్లా చేతిలో చీపురు తీసేసి స్క్రూడ్రైవరు పెట్టారు. దాంతో కథే కాదు, కథ అడిగే ప్రశ్న కూడా మారిపోయింది!

వారం వారం జరిగే సంత. జనం కిటకిటలాడుతున్నారు. ఆ సందడిలో ఓ చిన్న రిపేరు కొట్టు. పాడైపోయిన యంత్రాలు, తెగిన తీగల మధ్య పదహారేళ్ల అమ్మాయి కూర్చుని ఉంది. బట్టల నిండా గ్రీజు మరకలు. స్క్రూడ్రైవరు తీసుకుని తన చీలమండలో బిగించి ఉన్న తుప్పుపట్టిన స్క్రూని బలంగా తిప్పింది. ఓ తిప్పు... మరో తిప్పు... అంతే, పాదం ఊడి చేతిలోకి వచ్చేసింది!

రక్తం లేదు. వేలాడుతున్న తీగలు తప్ప ఏమీ లేవు. పదకొండో ఏట అమర్చిన ఇనుప పాదం అది. మనిషి ఎదిగింది, పాదం ఎదగలేదు. ఇన్నేళ్లూ ఆ పొట్టి పాదంతోనే నెట్టుకొచ్చిన అమ్మాయికి ఇవాళ కొత్త పాదం రాబోతోంది. సరిగ్గా అప్పుడే కొట్టు ముందుకో కుర్రాడు వచ్చి నిలబడ్డాడు. గుర్తుపట్టకుండా తలమీద ముసుగు, వెంట చెడిపోయిన ఓ ఆండ్రాయిడ్. తలెత్తి చూస్తే ఎవరో కాదు... ఆ దేశపు యువరాజు! లేచి నిలబడి మర్యాద చేయాలి. కానీ ఎలా? ఒక కాలికి పాదమే లేదాయె!

అమెరికా రచయిత్రి మరిస్సా మెయెర్ రాసిన ‘సిండర్’ నవల మొదలయ్యే తీరిది. 2012 జనవరిలో విడుదలైన ఈ పుస్తకం టీనేజీ పిల్లల కోసం రాసిన సైన్స్ ఫిక్షన్. న్యూయార్క్ టైమ్స్ బెస్ట్ సెల్లర్ల జాబితాకెక్కింది. ఆ ఒక్క నవలా ‘లూనార్ క్రానికల్స్’ అనే పెద్ద సిరీస్‌కి తొలిమెట్టయింది.

అనగనగా కాదు... అప్పుడెప్పుడో!

పాత కథలు ‘అనగనగా’ అంటూ వెనక్కి వెళ్తాయి. ఈ కథ ముందుకు వెళ్తుంది. నాలుగో ప్రపంచయుద్ధం కూడా అయిపోయింది. మన లెక్కలో ఉన్న శకం ముగిసి ‘మూడో శకం’ నడుస్తోంది. అది ఆ శకంలో 126వ సంవత్సరం. యుద్ధంలో నేలమట్టమైన బీజింగ్ స్థానంలో ‘న్యూ బీజింగ్’ వెలిసింది. గాల్లో తేలే కార్లు, ఇంటి పనులు చేసే ఆండ్రాయిడ్లు, మణికట్టులో గుర్తింపు చిప్పులు... ఇవన్నీ అక్కడ మామూలే.

మారనిది ఒక్కటే, సవతి తల్లి! సిండర్‌ను యూరప్ నుంచి దత్తత తెచ్చుకున్నాయన లెటుమోసిస్ అనే అంటురోగంతో కొద్దిరోజుల్లోనే చనిపోతాడు. ఇక మిగిలింది ఆయన భార్య ఏడ్రి, ఇద్దరు కూతుళ్లు. పెద్దమ్మాయి పెర్ల్‌కి సిండర్ అంటే గిట్టదు. చిన్నమ్మాయి పియొనీ మాత్రం సొంత చెల్లెలికన్నా ఎక్కువ. ఆ ఇంట్లో సంపాదించేది సిండరే. ఊళ్లోకెల్లా మంచి మెకానిక్కు అని పేరు. వచ్చిన డబ్బంతా మాత్రం ఏడ్రి చేతికి వెళ్తుంది.

సిండర్ సైబోర్గ్. అంటే సగం మనిషి, సగం యంత్రం అనుకుంటాం. ఆమె విషయంలో లెక్క పక్కాగా ఉంటుంది... 36.28 శాతం మనిషి కాదు! ఒక చేయి, ఒక కాలు లోహం. మెదడుకు అనుసంధానించిన కంప్యూటరు. ఎదుటివాళ్లు అబద్ధమాడితే కంటి చివర నారింజరంగు దీపం వెలుగుతుంది. అంతా బాగానే ఉంది కానీ, ఆమెకు సిగ్గేస్తే బుగ్గలు ఎరుపెక్కవు. ఏడుపొస్తే కన్నీళ్లు రావు.

యువరాజు కాయ్‌కి ఇవేవీ తెలియవు. చురుగ్గా మాట్లాడే మెకానిక్ అమ్మాయి నచ్చుతుంది. ఆమె చేతులకు ఎప్పుడూ తొడుగులెందుకు ఉంటాయో అతనికి అనుమానమే రాదు. ఆమె చెప్పదు. నవల మొత్తం మీద సిండర్‌ను అందరికన్నా ఎక్కువ భయపెట్టేది సవతి తల్లి కాదు, రోగం కాదు... ఆ తొడుగు ఎక్కడ జారిపోతుందోనని!

సంతకం పెడితే సరి

లెటుమోసిస్ సోకితే బతికినవాళ్లు లేరు. ఒంటిమీద మచ్చలు కనిపించగానే వైద్య ఆండ్రాయిడ్లు వచ్చి రోగిని ఊరవతలి శిబిరానికి తీసుకుపోతాయి. మళ్లీ తిరిగి రావడమంటూ ఉండదు. రాజ్యాన్నేలే చక్రవర్తినీ అది వదలదు. కరోనాను చూసిన కుటుంబాలకు ఈ పేజీలు కొత్తగా అనిపించవు. దూరం నుంచే వీడ్కోలు చెప్పాల్సి రావడం, ముట్టుకుంటే ఏమవుతుందోనన్న భయం, ‘మా ఇంటికి నీవల్లే వచ్చింది’ అన్న నింద... అన్నీ ఉంటాయిందులో. కరోనా రావడానికి ఎనిమిదేళ్ల ముందే అచ్చయిన పుస్తకమిది!

ఆ రోగానికి మందు కనిపెట్టాలంటే ప్రయోగాలు చేయాలి. ఎవరిమీద? దానికి ప్రభుత్వం కనిపెట్టిన ఉపాయం వింటే ఒళ్లు జలదరిస్తుంది. సైబోర్గుల నంబర్లతో రోజూ లాటరీ తీస్తారు. ఎవరి నంబరు వస్తే వాళ్లను ప్రయోగశాలకు తరలిస్తారు. వెళ్లినవాళ్లు వెనక్కి రారు. ఇంట్లోవాళ్లకు పరిహారం ముడుతుంది. ‘సైన్సే కదా మిమ్మల్ని బతికించింది, ఆ రుణం ఇప్పుడు తీర్చుకోండి’ అన్నది సమాజం చెప్పే న్యాయం. దాన్ని తప్పుబట్టేవాళ్లు కూడా పెద్దగా కనబడరు. పోయేది తమ పిల్లలు కాదుగా!

పియొనీకి రోగం సోకుతుంది. ఆ సమయంలో పక్కనున్నది సిండర్. ఏడ్రికి దుఃఖం కోపంగా మారుతుంది. లాటరీ దాకా ఆగదు. పెంపుడు కూతుర్ని స్వచ్ఛందంగా ప్రయోగాలకు ఇచ్చేస్తున్నట్టు చెప్పేస్తుంది. సిండర్‌ను అడగాల్సిన పనే లేదు. ఎందుకంటే ఆ రాజ్యపు చట్టం ప్రకారం సైబోర్గు సంరక్షకుల ఆస్తి! కుర్చీ, బల్ల, వంటపాత్రలాగే అమ్మాయి కూడా.

పాత కథలో సవతి తల్లి ఇల్లూడిపించింది, అంట్లు తోమించింది. అది ఒక మనిషి చెడ్డతనం. ఇక్కడ సవతి తల్లి చేసిందంతా చట్టబద్ధమే. ఏ పోలీసూ తప్పని అనడు, ఏ పొరుగువారూ అడ్డురారు. ఒక మనిషిని మనిషికాదని రాజ్యమే రాసిపెట్టాక ఇంట్లోవాళ్లు దుర్మార్గులు కావడం ఎంత తేలికో మెయెర్ చూపిస్తారు. పిల్లల నవలే అయినా పెద్దలను కూడా కూర్చోబెట్టి చదివించేది ఈ భాగమే.

మరి చంద్రుడి మీద? అక్కడా ఓ రాజ్యముంది. అక్కడి లూనార్లకు ఎదుటివారి శరీరంలోని విద్యుత్తును మార్చి, లేనిది ఉన్నట్టు చూపించే శక్తి ఉంటుంది. మహారాణి లెవానా ఆ శక్తితోనే అందగత్తెగా కనిపిస్తుంది. అద్దం ఆ మాయకు లొంగదు కాబట్టి ఆమెకు అద్దాలంటే పడదు! ఆ రాజ్యంలో శక్తి లేకుండా పుట్టిన పసిపిల్లలను బతకనివ్వకూడదన్నది శాసనం. భూమ్మీద ఒంట్లో లోహం ఉంటే మనిషి కాదు, చంద్రుడి మీద ఒంట్లో మాయ లేకపోతే మనిషి కాదు. రెండు లోకాల్లోనూ ఎవరిని లెక్కలోకి తీసుకోవాలో తేల్చేది సింహాసనమే.

ప్రయోగశాలలో సిండర్‌కు రోగం ఎక్కించిన డాక్టర్ ఎర్లాండ్ నివ్వెరపోతాడు. ఆమె రక్తంలో రోగం నిలవదు! ఎందుకు? అక్కడినుంచి కథ మలుపులు తిరుగుతుంది. ఆ గుట్టు చదివేవాళ్లకే వదిలేయడం మంచిది.

పాదం కథ వెయ్యేళ్లది

సిండ్రెల్లా యూరప్ అమ్మాయి అనుకుంటాం కానీ, ఆ పోలికల కథ చైనాలో తొమ్మిదో శతాబ్దంలోనే అక్షరబద్ధమైంది. తాంగ్ రాజుల కాలానికి చెందిన దువాన్ చెంగ్‌షి తన సంకలనంలో యే షియన్ అనే అమ్మాయి కథ రాసిపెట్టాడు. అందులో దేవత లేదు. సవతి తల్లి చంపేసిన చేప ఎముకలే కోరికలు తీరుస్తాయి. పండగ నుంచి పరుగెత్తి వస్తూ ఆ అమ్మాయి జారవిడిచింది బంగారు చెప్పు. అంతకన్నా ముందే, గ్రీకు భూగోళవేత్త స్ట్రాబో మరో కథ చెప్పాడు. అందులో గద్ద ఎత్తుకెళ్లిన చెప్పు ఈజిప్టు రాజు ఒళ్లో పడుతుంది.

మనం చదువుకున్న గాజు చెప్పు, గుమ్మడికాయ బండి ఫ్రాన్స్‌కు చెందిన చార్లెస్ పెరో 1697లో చేర్చినవి. 1812లో జర్మనీ గ్రిమ్ సోదరులు అచ్చువేసిన కథ కాస్త భయంకరం. చెప్పు పట్టడం కోసం ఒక సవతి కూతురు కాలి వేలు కోసుకుంటుంది, మరొకామె మడమ కోసుకుంటుంది. 1893లో ఇంగ్లండ్‌కు చెందిన మేరియన్ కాక్స్ లెక్కతీస్తే దొరికిన సిండ్రెల్లా కథలు 345!

ఇన్ని కథల్లోనూ చాలాచోట్ల కనిపించేది కొలత. చెప్పు ముందు, పాదం తర్వాత. సరిపోతే రాణివి, సరిపోకపోతే వంటింట్లోకి. ‘సిండర్’లో చెప్పు లేదు, పాదమే జారిపోతుంది. గ్రిమ్ కథలో చెప్పుకోసం పాదం కోసుకున్న అక్కాచెల్లెళ్లుంటే, ఇక్కడ కొలతకు సరిపోని పాదాన్ని అమ్మాయే విప్పి పక్కన పెడుతుంది. మొదటి పేజీలోనే రచయిత్రి చెప్పాల్సింది చెప్పేశారన్నమాట. కథను బీజింగ్‌లో పెట్టడానికి యే షియన్ కథ కూడా ఓ కారణమని మెయెర్ చెప్పుకొచ్చారు.

మన పక్కింట్లోనూ ఇలాంటి అమ్మాయి ఉంది. కన్నడ జానపద కథలో పేరు హంచి. అంటే మట్టి పెంకు. అందం వల్ల ఆపద వస్తుందని తల్లి ఆమె ముఖానికి మట్టి ముసుగు తొడిగి పంపేస్తుంది. ఆ ముసుగుతోనే ఓ షావుకారింట్లో వంటమనిషిగా కుదురుతుంది. ఎ.కె.రామానుజన్ ఈ కథను ‘కన్నడ సిండ్రెల్లా’గా పరిచయం చేస్తూ వ్యాసం రాశారు. హంచికి మట్టి ముసుగు, సిండర్‌కు చేతి తొడుగు. ఇద్దరిదీ దాక్కుని బతకాల్సిన బతుకే.

మయూరి గుర్తొస్తే...

కృత్రిమ పాదమనగానే తెలుగువాళ్లకు ‘మయూరి’ గుర్తురాకుండా ఉండదు. బస్సు ప్రమాదం తర్వాత కాలు పోగొట్టుకున్న నర్తకి సుధాచంద్రన్ జైపూర్ కాలు పెట్టుకుని మళ్లీ వేదికెక్కారు. సింగీతం శ్రీనివాసరావు దర్శకత్వంలో 1980ల మధ్యలో వచ్చిన ఆ సినిమాలో తన పాత్రను తానే పోషించారు. ఆ సింగీతమే 1991లో ‘ఆదిత్య 369’తో తెలుగువాళ్లను భవిష్యత్తులోకి తీసుకెళ్లారు.

జైపూర్ కాలును 1968లో డాక్టర్ పి.కె.సేథీ, శిల్పి రామచంద్ర శర్మ రూపొందించారు. చెప్పులేకుండా నడవొచ్చు, పొలంలో దిగొచ్చు, గొంతుక్కూర్చోవచ్చు. మనిషి అవసరానికి తగ్గట్టు పాదాన్ని మలిచారు తప్ప పాదానికి తగ్గట్టు మనిషిని మారమనలేదు. సుధాచంద్రన్ నాట్యమాడితే జనం లేచి చప్పట్లు కొట్టారు. సిండర్ లోకంలో అలాంటి కాలే ఆమెను మనుషుల జాబితాలోంచి తీసేసింది. తేడా కాలులో లేదు, చూసే కళ్లలో ఉంది. నవల చదివి మూసేశాక మనసులో మిగిలే మాట అదే.

ఓడిన కథే గెలిపించింది

మెయెర్ 1984లో వాషింగ్టన్ రాష్ట్రంలోని టాకోమాలో పుట్టారు. టీనేజీలో జపాన్ కార్టూన్ ‘సైలర్ మూన్’ అంటే పిచ్చి. ఆ పాత్రలతో సొంతంగా కథలల్లి ‘అలీసియా బ్లేడ్’ అన్న మారుపేరుతో అభిమానులకోసం ఇంటర్నెట్‌లో పెట్టేవారు. అలా ఏళ్ల తరబడి రాశారు. రచన, బాలసాహిత్యం చదువుకుని, ప్రచురణరంగంలో మాస్టర్స్ చేసి సియాటిల్‌లో ఎడిటర్‌గా పనిచేశారు.

ఓసారి ఓ చిన్న కథల పోటీ. నిర్వాహకులు ఇచ్చిన అంశాల్లోంచి భవిష్యత్తునూ, జానపద కథలోని పాత్రనూ ఎంచుకుని, బూట్లు తొడిగిన పిల్లి కథను సైన్స్ ఫిక్షన్‌గా మార్చి పంపారు. పోటీకి వచ్చినవి రెండే కథలు. గెలిచింది రెండోది! ఇంకొకరైతే అక్కడితో వదిలేసేవారేమో. మెయెర్‌కు మాత్రం ఆ రాయడం తెగ నచ్చింది. ఇలాంటివే వరసగా రాస్తే ఎలా ఉంటుందని ఆలోచిస్తుండగా, ఓ రాత్రి నిద్రపట్టబోయే వేళ తట్టింది... సిండ్రెల్లా సైబోర్గ్ అయితే?

అమెరికాలో ఏటా నవంబరు నెల్లో నవల రాసేయాలంటూ ఔత్సాహికులు పందెం వేసుకునేవారు. నెలరోజుల్లో 50 వేల పదాలు లక్ష్యం. 2008 నవంబరులో మెయెర్ కూర్చుని సుమారు లక్షన్నర పదాలు రాసేశారు. సిరీస్‌లోని తొలి మూడు పుస్తకాల చిత్తుప్రతులూ ఆ ఒక్క నెలలో పుట్టినవే. అయితే ‘సిండర్’ అచ్చులో కనబడింది 2012లో. రాయడానికి నెల, చెక్కడానికి ఏళ్లు!

రాజమందిరం మెట్ల మీద

విందు లేకుండా సిండ్రెల్లా కథ ఉండదుగా. ఇక్కడా ఉంది. కాకపోతే ఆమె వెళ్లేది నాట్యం చేయడానికి కాదు. యువరాజును పెళ్లాడి రాజ్యాన్ని మింగేయాలన్న లెవానా పథకం తెలిసిపోయి, అతన్ని హెచ్చరించడానికి! దేవత రాదు, మంత్రదండం ఉండదు. తుక్కు సామాన్ల మధ్య దొరికిన నారింజరంగు పాతకాలపు పెట్రోలు కారును తానే బాగుచేసుకుంటుంది. చూడ్డానికి అచ్చం కుళ్లిన గుమ్మడికాయే. వానలో తడిసి, నలిగిన గౌనుతో, గ్రీజు అంటిన తొడుగులతో, పాత పొట్టి పాదంతో కుంటుకుంటూ రాజమందిరంలో అడుగుపెడుతుంది.

ఆ తర్వాత జరిగేది పెరో రాసినట్టు జరగదు. మెట్లమీద పాదం ఊడిపోతుంది. తీగలు బయటపడతాయి. దాచుకున్నదంతా నిండుసభ ముందు, అందునా యువరాజు ముందు తేలిపోతుంది. అతను పాదం పట్టుకుని ఊరంతా వెదకడు. అంత కలవరంలో నిలబడిపోతాడు. సిండర్ వెళ్లేది అంతఃపురానికి కాదు, జైలుకి! పెళ్లిబాజాలకోసం ఎదురుచూసిన పాఠకులు ఉలిక్కిపడేది ఇక్కడే. కానీ దాచాల్సింది ఇంకేమీ మిగలని క్షణంలోనే ఆ అమ్మాయి మొదటిసారి ధైర్యంగా ఆలోచించడం మొదలుపెడుతుంది.

పుస్తకంలో లోపాలు లేకపోలేదు. సిండర్ గుట్టును చురుకైన పాఠకులు సగంలోపే పట్టేస్తారు. పేరుకు బీజింగే అయినా చైనా జీవితం లోతుగా కనిపించదన్న విమర్శా వచ్చింది. ఆ మాటలో నిజముంది. పాత్రల పేర్లు, కిమోనోలాంటి దుస్తులు, వంటకాలు పైపైన తగిలించినట్టే ఉంటాయి. అయినా చివరిదాకా చదివించేది సిండరే. తనమీద తాను జాలిపడదు, వెటకారం వదలదు, చేతిలో పనిముట్టు ఉంటే చాలు ఏదో ఒకటి బాగుచేయకుండా ఉండదు. శిబిరాల్లో మరణాల సన్నివేశాలున్నాయి కాబట్టి మరీ చిన్నపిల్లలకు కాదు. ఇంగ్లిషు సాఫీగా చదవగలిగే హైస్కూలు పిల్లలకు ఇబ్బంది ఉండదు.

ఆ వయసు పిల్లలకు ఈ కథ ఎందుకు నచ్చుతుందో చెప్పడం కష్టమేం కాదు. పళ్లకు కట్టిన తీగ, కళ్లజోడు, మొటిమ, నత్తి, రంగు... ఏదో ఒకటి చేతి తొడుగులో దాచుకుని తిరిగే వయసది. ఎవరైనా చూస్తే ఏమనుకుంటారోనన్న దిగులు ఎవరికీ చెప్పుకోలేరు. పాత సిండ్రెల్లా వాళ్లకు ‘నీ పాదం సరిపోతుందిలే, కాస్త ఓపికపట్టు’ అని చెప్పేది. ఈ సిండ్రెల్లా చెప్పేది వేరు... ‘సరిపోకపోతే నువ్వు తక్కువ కాదు, స్క్రూడ్రైవరు అందుకో!’

మిగతా ముగ్గురు

* స్కార్లెట్ (2013): ఎర్రటోపీ పాప కథకు కొత్తరూపం. ఫ్రాన్స్‌లో కూరగాయలు పండించే అమ్మాయి. మాయమైన నాయనమ్మను వెదుకుతూ బయల్దేరితే తోడొచ్చేవాడి పేరే వుల్ఫ్. తోడేలు మంచిదా, చెడ్డదా అన్నది చివరిదాకా తేలదు.

* క్రెస్ (2014): కోటబురుజులో బందీ అయిన పొడవు జుట్టు రపుంజెల్ ఇక్కడ ఉపగ్రహంలో బందీ. ఏడేళ్లుగా ఒంటరిగా ఉంటూ కంప్యూటర్లను హ్యాక్ చేయడంలో ఆరితేరుతుంది.

* వింటర్ (2015): స్నోవైట్ కథ. లెవానా సవతి కూతురు. మాయశక్తిని వాడనని ఒట్టుపెట్టుకుని, దానివల్ల మతిచలిస్తున్నా మాట తప్పదు. ఎనిమిది వందల పేజీలు దాటిన ఈ పుస్తకంతో నలుగురి కథలూ ఒక్కచోట ముగుస్తాయి.

ఇవికాక లెవానా చిన్ననాటి కథ ‘ఫెయిరెస్ట్’ 2015లోనూ, చిన్న కథల సంపుటి ‘స్టార్స్ అబవ్’ 2016లోనూ వచ్చాయి.